నాలుగో జత

గ్రీమ్స్‌పేటలో మా మిద్ది మెట్ల కింద
గోడకు మూడు జతల స్కీలు ఆనించి ఉండాయి.
కరెంటు మీటరు చూడను వచ్చిన పిల్లోడు
"ఏంది సార్, పడవ తెడ్లా?" అన్నాడు.
ఊఁ అన్నాను. పూర్తిగా అబద్ధం కూడా కాదు.

మొదటిది పటాలంలో పారేస్తా ఉంటే తెచ్చుకున్నది.
చెక్కది, అంచుల్లో తుప్పు,
ఎద్దుబండి పట్టా మాదిరి మొరటు.
రెండోది సన్నం. తొక్కి తొక్కి గట్టిపడిన మంచు మీద
కత్తిపీట మాదిరి కోసుకుంటా పోతుంది.
మూడోది అన్నిటికీ పనికొచ్చేది,
అంటే దేనికీ పూర్తిగా పనికిరానిది,
పెండ్లికీ మడికీ ఒకే పంచె కట్టినట్టు.

లేనిదల్లా పిండిమంచుకు.
రాత్రంతా కురిసి, ఇంకా ఎవురూ తొక్కని,
మోకాటి దాకా దిగే బూరుగుదూది మంచుకు.
ఏడాదికొకసారి గుల్మార్గు పోతాను, ఎనిమిది దినాలు.
అందులో అట్లాంటి పొద్దు ఒకటి దొరుకుతుంది.
ఒక్కో ఏడు అదీ దొరకదు.
పోయినేడు దొరికింది.
నా సన్న జత ముక్కు కిందికి పెట్టి
నన్ను తలకిందులుగా నాటింది.
మంజూరు వచ్చి కాళ్ళు పట్టి లాగినాడు,
గెణుసుగడ్డను పెరికినట్టు.

ఆ మంజూరే ఇప్పుడు ఫోను.
అంగట్లో రెండు జతలు మిగిలినాయంట, వాడినవే.
ఒకదాని నడుము నూటారు మిల్లీమీటర్లు,
ఇంకోటి నూటపద్దెనిమిది.
ఆదివారం లోపల చెప్పమన్నాడు.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చలిగిడ్డంగి కాపలా నాది.
సున్నాకు కింద పద్దెనిమిది.
డ్రమ్ముల మీద పేరిన నూగును గోటితో గీకి,
అరచేతిలో పెట్టుకొని ఊదుతా
రాత్రంతా లెక్క వేసినాను.
నూటారైతే మామూలు దినాల్లో కూడా తిరుగుతుంది.
కానీ అది మూడోదానికి తోబుట్టువు.
ఉన్న బిడ్డకే ఇంకో పేరు పెట్టుకున్నట్టు.
నూటపద్దెనిమిది గట్టి మంచు మీద దున్నపోతు,
తిప్పితే తిరగదు.
ఆ ఒక్క పొద్దు కోసమే పుట్టింది.
"జొరమా అన్నా, ఊదుకుంటా ఉండావు?" అన్నాడు గజేంద్ర.

శనివారం, మిద్ది పైన,
బియ్యప్పిండితో రెండింటినీ నిలువునా గీసినాను,
టేపు పట్టి, ముక్కు వంపుతో సహా.
వడియాల గుడ్డ పరచను వచ్చిన రెడ్డెమ్మ
నిలబడిపోయింది.
"ఎవుర్ని చంపినారు ఈడ?"

చెప్పినాను. నమ్మలేదు.
వెడల్పుదైతే బరువెక్కువ గదా,
బరువైంది ఇంకా లోతుకు దిగాల గదా?
నిజమే, న్యాయమైన ప్రశ్న.
చేటలో మిగిలిన పిండి ముందర పెట్టి
"కత్తి దించు" అన్నాను. అడుగు తగిలింది.
"ఇప్పుడు అరచెయ్యి. నొక్కబాకు. ఆనించు."
ఆనించింది.
పిండి కొంచెం నలిగి, ఆగి, మోసింది.

మంచు చూడని మనిషి
చెయ్యి తియ్యకుండా కాసేపు అట్లే ఉంది.
"చప్పుడు ఎట్లుంటుంది?" అంది చివరికి.
చల్లదనం అడుగుతుందనుకున్నాను.
"ఉండదు. మొదట భయపెట్టేది అదే.
నువ్వు పోతా ఉండావో, కొండ పోతా ఉందో
తెలియదు."

ఆమె చెయ్యి దులుపుకొంది.
"గంగజాతర అంబలికి ఏడాదికి ఒక్కదినం
అటక మీద నుంచి గుండిగ దించుతాం.
మిగతా దినాలు ఊరికే ఉందని
ఎప్పుడన్నా అమ్మినామా?"
వడియాల గుడ్డ నూటారు మీదనే పరిచింది,
తెలిసి పరిచిందో, నీడ చూసి పరిచిందో.

మంజూరుకు ఫోను చేసినాను.
సగం డబ్బు ఇప్పుడు,
సగం తోతాపురి సీజను అయినాక.

సాయంత్రానికి చీమలు వచ్చి
వెడల్పుదాని తోక దాకా మోసుకుపోయినాయి.
వంటింట్లో చేటను ఎవురూ కదిలించలేదు.
అయిదు వేళ్ళు,
మునగకుండా.